కుడి దవడకు రెండేళ్ళ సెలవు

డెబ్బయ్యారేళ్ళు వచ్చినా ముప్పై రెండు పళ్ళూ చెక్కుచెదరని మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మా ఇంటికి రండి, చూపిస్తాను. నలభై ఆరేళ్ళు సైకిలు షాపు నడిపాను. బిగుసుకుపోయిన వాల్వు మూతల్ని పటకారు పెట్టకుండా పంటితో కొరికి తిప్పేవాణ్ణి. ఆ షాపులోకి పటకారు వచ్చిందే నా పెళ్ళయ్యాక. "పళ్ళు షాపులో అరగ్గొట్టుకుని ఇంటికొచ్చి నా వంటకి వంకలు పెడతారా?" అని మా ఆవిడ కొనిపించింది.

పళ్ళ మాట వచ్చింది కాబట్టి మేక మాట కూడా చెప్పాలి. ఒకసారి షాపు ముందు కట్టేసిన మేక ఒకటి, ప్యాచీలు అంటించే సొల్యూషన్ ట్యూబుని నమిలేసింది. నమిలిన నోరు నమిలినట్టే అతుక్కుపోయింది. ఒక పూటంతా అరవలేక, ముక్కుతో మూలుగుతూ నా వంక చూసింది. దాని యజమాని నా మీదికి పోట్లాటకొచ్చి, సగంలో ఆగి, "ఇంత గట్టి సొల్యూషన్ ఎక్కడ కొన్నావు?" అని అడిగాడు. అతుకుల విషయంలో నా పేరు అలాంటిది.

మా కోడలు పళ్ళ డాక్టరు. పెద్ద పళ్ళాసుపత్రిలో పని. పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. వచ్చేసరికి మెడ కాస్త ఎడమకి వంగి ఉంటుంది. రోజంతా నోళ్ళలోకి తొంగి చూసీ చూసీ ఆ మెడ అలాగే స్థిరపడింది. చెప్పులు విప్పి కుర్చీలో కూలబడి, "పొద్దుట్నించీ తెరిచిన నోళ్ళే చూశాను. ఒక్క పావుగంట ఎవరూ నా ముందు నోరు తెరవకండి" అంటుంది. మిగతావాళ్ళకి అది తేలిక. నా నోరు మూయించడం ఎవరి తరం?

ఒక సాయంత్రం ఆ పావుగంట గడవకముందే తనే అడిగింది.

"మామయ్యా, పంట్లో పెట్టిన సిమెంటు ఎందుకు పాడవుతుందో చెప్పండి చూద్దాం."

"అంచు లేచి."

కోడలు వంగిన మెడని నిటారుగా చేసి నా వైపు చూసింది. "ఎవరు చెప్పారు మీకు?"

"నలభై ఆరేళ్ళ ట్యూబులు చెప్పాయి. ప్యాచీ నడుమ ఎన్నడూ చిరగదమ్మా. అంచు దగ్గర వెంట్రుకంత లేస్తుంది. అక్కణ్ణించి గాలి పోతుంది. నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగ అక్కడే."

"అచ్చంగా అదే. మాకు బుడగ కనిపించదు, అంతే తేడా. సిమెంటుకీ పన్నుకీ మధ్య సందు పడితే అందులోకి పులుపు దిగుతుంది, కింద మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. పైకి అంతా బాగానే ఉంటుంది."

తర్వాత కండక్టరమ్మ సంగతి చెప్పింది. ఆవిడ బస్సు కండక్టరు. ఒకే దవడ పన్నుని నాలుగుసార్లు పూడ్పించుకుంది. ప్రతిసారీ పాతది తీయాలి, పుచ్చిందంతా గీకాలి, గుంట ఇంకాస్త పెద్దదవుతుంది. ఐదోసారి పూడ్చడానికి పన్నంటూ మిగల్లేదు. పీకి చేతిలో పెడితే ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని సెలవులు పెట్టింది ఇంత ముక్క కోసమా?" అందట.

"నేను చేసిన పని నాలుగుసార్లు ఊడితే, ఇంక నేను చేసిందేమిటి మామయ్యా?" అని కోడలు కళ్ళు మూసుకుంది.

అందుకే తలకెత్తుకుంది ఆ పరీక్ష. సిమెంటుని పన్నుకి అతికించే జిగురులోనే ఫ్లోరైడ్ కలిపారట. అది అంచు దగ్గర కొద్దికొద్దిగా ఊరుతూ చుట్టూ ఉన్న పన్నుని గట్టిపరిచి, పుచ్చుని దగ్గరికి రానివ్వదని ఆశ. ఆశే, ఇంకా రుజువు కాలేదు. రుజువు చేయాలంటే నలభై మంది కావాలి. ఒక్కొక్కరికీ రెండు దవడల్లోనూ ఒక్కో పుచ్చు పన్ను ఉండాలి. ఒక వైపు మామూలు జిగురు, రెండో వైపు ఫ్లోరైడ్ జిగురు. సీసాలు రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదానికి ఎర్ర చుక్క, ఒకదానికి పసుపు చుక్క. ఏ చుక్క ఏ జిగురో కోడలికే తెలియదు. ఆ కాగితం కవరులో పెట్టి, అంటించి, స్టోరు గుమాస్తా బీరువాలో దాచాడు. రెండేళ్ళ తర్వాత అందరినీ పిలిచి చూడాలి. అప్పటికి ముప్పై మందైనా మిగలాలి. అంతకన్నా తగ్గితే ఏం చెప్పినా నిలబడదని పెద్ద డాక్టరు ముందే తేల్చేశాడు.

ముప్పై తొమ్మిది మంది దొరికారు. నలభయ్యోవాడి కోసం వెతుకుతుంటే నేను చెయ్యెత్తాను.

"ఇంట్లో మనిషిని తీసుకోవచ్చో లేదో అడగాలి" అంది కోడలు.

పెద్ద డాక్టరు నవ్వి, "ఏది ఎటో నీకే తెలియనప్పుడు మీ మామగారైతే ఏం, మా మామగారైతే ఏం?" అన్నాడట.

కుర్చీలో పడుకోబెట్టి, చిన్న అద్దంతో కోడలు నా పళ్ళు లెక్కపెట్టింది. "పందొమ్మిది మామయ్యా."

సరే. ముప్పై రెండు అన్నానా? పదమూడు ఎక్కువ చెప్పాను. ఉన్న పందొమ్మిదిలోనూ రెండు పుచ్చాయి, కుడి దవడలో ఒకటి, ఎడమ దవడలో ఒకటి. వాల్వు మూతల పుణ్యమే అదంతా. అదృష్టం చూడండి, పుచ్చినందుకు కూడా నేను పనికొచ్చాను.

ఆ పూట ఆ పని చూస్తుంటే నాకు నా షాపులో కూచున్నట్టే ఉంది. ముందు పన్నుని ఏదో పులుపు మందుతో గరుకు చేసింది. మేం ట్యూబుని ఆకురాయితో గీకమా? అలాగే. తర్వాత కడిగింది, ఆరబెట్టింది, జిగురు రాసింది, చిన్న గొట్టంతో గాలి ఊది పల్చగా చేసింది. ఆ పైన నీలం దీపం పట్టి గట్టిపరిచింది. సిమెంటు పెట్టడం చివరి పని. నోట్లో ఆమె చేతులుండగానే నేను మేక కథ మొదలుపెట్టాను. సగం అచ్చులే పలికాయి గాని కథ ఆగలేదు.

అప్పుడే నేను ఒకటి గమనించాను. ఎడమ వైపు గాలి ఊదినప్పుడు మనసులో లెక్కపెడితే అయిదు వచ్చింది. కుడి వైపు పన్నెండు దాటింది. మంచి సొల్యూషన్ ఆలస్యంగా ఆరుతుందని పంక్చర్లు వేసే ప్రతివాడికీ తెలుసు. నాసిరకం ఇట్టే ఆరిపోతుంది, అట్టే ఊడిపోతుంది. కాబట్టి కుడి వైపుదే కొత్త జిగురు! బీరువాకి తాళం వేసుకున్న గుమాస్తాకి ఒక్కడికే తెలిసిన రహస్యం నేను కుర్చీలో పడుకుని కనిపెట్టేశాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇంటికొస్తూ ఒక నిర్ణయానికొచ్చాను. కోడలి కష్టం నా నోట్లో ఉంది, దాన్ని కాపాడడం నా ధర్మం. ఆ రోజు నించి కుడి దవడకి సెలవు ఇచ్చేశాను. వేరుశనగ గుళ్ళు, కాల్చిన మొక్కజొన్న, జామకాయ, ఎండు రొట్టె, ఏదొచ్చినా ఎడమ వైపే. కుడి వైపుకి మజ్జిగ కూడా వెళ్ళకుండా తల వంచి తాగేవాణ్ణి.

రెండేళ్ళు. చెప్పడానికి రెండు మాటలు. ఎడమ దవడ సాయంత్రానికి సలిపేది. ఎడమ బుగ్గ బలిసింది, కుడి బుగ్గ లోపలికి పోయింది. మా ఆవిడ అన్నం పెడుతూ ఒకసారి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, మీ ముఖం ఒక పక్క పెళ్ళికొడుకులా, ఒక పక్క పక్షవాతం వచ్చినవాడిలా ఉందేమిటి?"

"పెళ్ళికొడుకు ఏ పక్కో చెప్పు, ఆ పక్కకి తిరిగి కూచుంటాను."

"నమలడం కూడా సరిగ్గా చేతకాదు మీకు. ఏం దాస్తున్నారు ఆ కుడి బుగ్గలో?"

"నీ కోడలి భవిష్యత్తు" అన్నాను. ఆవిడ నా మాటలు నమ్మడం ఎప్పుడో మానేసింది కాబట్టి అది కూడా వదిలేసింది.

ఈలోగా నలభై మందీ తరుగుతూ వచ్చారు. ఒకాయన పోయాడు. ఇద్దరు ఊరు మారారు. ఒకావిడ "నొప్పి లేదు కదా, ఎందుకు రావడం?" అని ఫోను పెట్టేసింది. కోడలు ఇంటికొచ్చి, పావుగంట మౌనం కూడా మానుకుని, జాబితా ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోను చేసేది. "నమస్కారం అండీ, పళ్ళాసుపత్రి నించి. ఒక్క గంట చాలండీ. ఏమీ పీకమండీ." ఆ 'పీకమండీ' ఎన్నిసార్లు విన్నానో. చివరి రోజుల్లో ఆ మాట గొంతులోంచి కాదు, అలసటలోంచి వచ్చేది.

రెండేళ్ళు నిండాక నా వంతు వచ్చింది. నేను మళ్ళీ కుర్చీలో పడుకున్నాను. కోడలు సన్నటి కొక్కెంతో సిమెంటు అంచు చుట్టూ తడుముతూ, పక్కన నర్సు రాసుకునేలా పైకి చెప్పింది.

"ఎడమ వైపు, అంచు దగ్గర గోధుమరంగు గీత. కొక్కెం చిక్కుతోంది. కుడి వైపు, శుభ్రం."

నా గుండె సైకిలు బెల్లులా మోగింది. చూశారా, కాపాడాను!

"చివరి ప్రశ్న మామయ్యా. అందరినీ అడుగుతాను. రెండు వైపులా సమానంగా నములుతున్నారా?"

"ఓ, భేషుగ్గా" అన్నాను. కోడలు రాయించింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూచుంది. "ముప్పై, మామయ్యా. సరిగ్గా ముప్పై. చివరివారు మీరే. రేపట్నించి ఫోన్లు చెయ్యక్కర్లేదు." అంటూనే కుర్చీలో నిద్రపోయింది. చేతిలో కాఫీ గ్లాసు ఒరిగిపోతుంటే మా ఆవిడ మెల్లిగా తీసుకుని, నా వంక చూసి గుసగుసలాడింది.

"ఆ పిల్ల అలా పడి నిద్రపోతుంటే మీరెందుకండీ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నారు?"

నాకు కండక్టరమ్మ గుర్తొచ్చింది. రేపు ఈ జిగురు మంచిదో కాదో నా నోటిని బట్టి కూడా తేలుతుంది. ఒక వైపు రెండేళ్ళు ఎడ్లబండిలా లాగింది, రెండో వైపు పల్లకీలో కూచుంది. ఈ రెంటికీ పందెం పెట్టి పల్లకీ గెలిచిందంటే, ఆ మాట నమ్మి ఇంకో కండక్టరమ్మ నాలుగుసార్లు సెలవు పెడుతుంది. చెబితేనో, ముప్పై కాస్తా ఇరవై తొమ్మిది అవుతుంది. ఆ ఒక్కటీ తగ్గితే కోడలి రెండేళ్ళూ నీళ్ళపాలు.

ఇంట్లో చెప్పే ధైర్యం చాలలేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి, చీటీ తీసుకుని, బల్ల మీద వరసలో కూచున్నాను. నా ముందు పదకొండు మంది. అందరూ బుగ్గలు పట్టుకుని ఉన్నారు, నేనూ పట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి కోడలు తలెత్తింది.

"మీరా మామయ్యా? నొప్పా?"

"నొప్పి పంట్లో కాదమ్మా." అని మొత్తం చెప్పేశాను. అయిదు లెక్క, పన్నెండు లెక్క, మంచి సొల్యూషన్ సంగతి, కుడి దవడ సెలవు, మజ్జిగ కూడా. చివర్న, "రాసిందెలాగూ రాసేశావు, ఇది మనిద్దరి మధ్యే ఉంచుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాను.

కోడలు నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. నర్సు పరుగెత్తుకొచ్చింది. "కుడి వైపు ఎందుకు ఎక్కువసేపు ఊదానో తెలుసా మామయ్యా? మీరు మేక కథ చెబుతూ నాలుకతో తడి చేసేశారు. మళ్ళీ మొదట్నించీ కడిగి, ఆరబెట్టి, రాయాల్సొచ్చింది. జిగురుదేం లేదు, అంతా మీ నాలుకదే" అంది.

"మరి ఇప్పుడు?"

"రాసింది కొట్టెయ్యడానికి కూడా కలం ఉంది కదా" అని ఫైలు తెరిచి, నా వరస మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన కారణం రాసింది.

అలా ఇరవై తొమ్మిది మిగిలారు. రెండేళ్ళు దాటాక మూడు నెలల్లోపు వచ్చినవాళ్ళు చెల్లుతారట. అందులో ఇంకా మూడు వారాలే ఉంది. అడుసు తొక్కినవాడే కాలు కడుక్కోవాలి. తప్పిపోయినవాళ్ళ జాబితా నేను తీసుకున్నాను. మొదటి వారమంతా రోజూ సాయంత్రం నేనే ఫోన్లు. "ఏమీ పీకమండీ" అనడం నాకూ అలవాటైంది. ఒకావిడ రెండు పళ్ళూ పీకించేసుకున్నానంది. ఒకాయన నేను బీమా అమ్మేవాణ్ణనుకుని తిట్టాడు. ఒక టైలరు నెంబరు ఇంకెవరికో పోయింది. అతని కొట్టుకి వెళితే తలుపుకి తాళం, మిషనుతో సహా ఎటో వెళ్ళిపోయాడట.

అప్పుడు నాకు నా వృత్తి అక్కరకొచ్చింది. టైలరు సైకిలు తొక్కుతాడు. సైకిలుకి పంక్చరు పడుతుంది. పంక్చరు వేసేవాడికి ఇల్లు తెలుస్తుంది. ఆ చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. మోకాళ్ళు కటకటమంటుంటే ఒక్కో షాపు దగ్గరా కూచుని, ఒక్కో మేక కథ చెప్పి, టైలర్ల ఆరా తీశాను. ఎనిమిదో రోజున ఏడో షాపువాడు చెయ్యి చూపించాడు. "ఆ మలుపులో, నీలం తలుపు. వెనక చక్రం ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది ఆయనకి."

టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని లాగుకి కొలత తీస్తున్నాడు. నా ప్రాణం జల్లుమంది.

"నాయనా, ఆ సూదులు ఏ వైపు పళ్ళతో పట్టుకుంటావు?"

"ముందు పళ్ళతో. ఏం?"

"బతికించావు. మరి అన్నం?"

"ఎటు పడితే అటు. తినేటప్పుడు దిక్కులు చూసుకునేంత తీరిక ఎవరికుంది తాతగారూ?"

ఆ మాటకి అతణ్ణి కౌగిలించుకోబోయాను, సూదులు చూసి ఆగాను. బడిపిల్లల చొక్కాలు ఇరవై కుట్టాలని, రాలేనని అన్నాడు. మూడు రోజులు అతని కొట్లో కూచుని గుండీలు కుట్టి ఇచ్చాను. నాలుగో రోజున వచ్చాడు. గడువుకి ఇంకా రెండు రోజులుంది.

ముప్పై నిండాక బీరువా తెరిచారు. ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, పావుగంట అయ్యాక, చెప్పింది.

"ఎర్ర చుక్కది ఫ్లోరైడ్ జిగురు. మీకు అది పెట్టింది ఎడమ వైపు మామయ్యా."

అంటే రెండేళ్ళు నేను పల్లకీలో మోసింది పాత జిగురుని. కొత్తదాని చేత పగలూ రాత్రీ రోకలి పోటు వేయించి, దాని అంచు నేనే లేపాను. నోరు మూసుకుని ఉండి ఉంటే, కోడలి జిగురు మీద కోడలి ఫైల్లోనే నేను చాడీ చెప్పి ఉండేవాణ్ణి.

"మరి మిగతావాళ్ళ నోళ్ళు ఏమన్నాయి?"

"కొత్తదాని అంచులు కాస్త మెరుగ్గా ఉన్నాయి. కాస్తే. రెండేళ్ళు చాలవని పెద్ద డాక్టరు అంటున్నాడు. అయిదేళ్ళు చూడాలి." మెడ నిమురుకుంటూ జాబితా బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఫోను పెట్టింది. రెండూ నా వైపే జరిపింది.

నేను ఇప్పుడు రెండు వైపులా నములుతున్నాను. బుగ్గలు సరిసమానం కాలేదు గాని, మా ఆవిడ అలవాటు పడింది.

ఇందులో మీరు మేక సంగతి నమ్మి ఉండరు. అది నిజం, దాని యజమాని ఉంటే సాక్ష్యం చెప్పేవాడు. నేను కల్పించింది ఒక్కటే, ఆ పొద్దున కోడలు నవ్వడం. నవ్వలేదు. తడి చేసేశారన్న మాట అంది, గోడకేసి చూస్తూ అంది. చేతి తొడుగులు తీసేసి, కుళాయి కింద చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. నేను మనసులో లెక్కపెడితే నలభై దాటింది. ఆ తర్వాతే ఫైలు తెరిచి గీత గీసింది. గీసి, తల ఎత్తకుండా, "బయట ఇంకా చాలామంది ఉన్నారు మామయ్యా, తర్వాతివారిని లోపలికి రమ్మనండి" అంది.